పార్లమెంటు కమిటీకి అర్జీ పెట్టడం ఎలా? దక్షిణ ఒడిశా తెలుగువాళ్ల కోసం

"పై ఆఫీసుకు రాశాం, ఆన్‌లైన్‌లో పెట్టాం, ఎంపీ గారికి చెప్పాం. ఇక పార్లమెంటు కమిటీకి రాస్తే పనవుతుందా?" బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఏ ఊరివాళ్లు కలిసినా ఇదే ప్రశ్న. విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. కమిటీ మీ ఫైలు మీద సంతకం పెట్టదు. ఏ అధికారినీ సస్పెండ్ చేయదు, కోర్టులా తీర్పూ ఇవ్వదు. మంత్రిత్వ శాఖ కార్యదర్శిని ఎంపీల ఎదుట కూర్చోబెట్టి "ఇలా ఎందుకు జరుగుతోంది?" అని అడుగుతుంది. జవాబు రాతపూర్వకంగా తీసుకుంటుంది, సిఫార్సు చేస్తుంది, ఆ సిఫార్సు ఏమైందని మళ్లీ అడుగుతుంది. సాధారణంగా మంత్రిని పిలవరు, అధికారులే వచ్చి చెప్పుకోవాలి. సిఫార్సును ప్రభుత్వం ఒప్పుకుని తీరాలని లేదు. ఒప్పుకోకపోతే మాత్రం ఎందుకో రాసివ్వాలి. మనకు పనికొచ్చేది ఆ కాగితమే.

అందుకే "నా పని చేయించండి" అని రాసిన అర్జీకి అక్కడ బలం ఉండదు. "ఈ పద్ధతి వల్ల మాలాంటి చాలామంది పని ఆగుతోంది" అని రాసినదానికి ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, చుట్టుపక్కల ఒడియావాళ్లకు చివర ఉంటుంది. ఒక కార్మికుడి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్ ఖాతాలో పొడి అక్షరమే ఉంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లింది. ఉద్యోగం మానేసి డబ్బు తీసుకోబోతే "పేరు సరిపోలలేదు" అని క్లెయిమ్ తిరిగొచ్చింది. సరిదిద్దడానికి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌కు (కార్మికుడు, యజమాని కలిసి ఇచ్చే పత్రం) పాత యజమాని సాయం కావాలన్నారు, ఆ కంపెనీయేమో మూతపడింది. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లి వచ్చినవాళ్లున్న ఇళ్లలో ఇది కొత్త కథ కాదు.

ఏ కమిటీ ఏమిటి? (పనికొచ్చేంత వరకే)

శాఖల వారీ స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు) 24. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. వీటిలో 16 లోక్‌సభ కింద, 8 రాజ్యసభ కింద నడుస్తాయి. 1993లో 17 సంఘాలతో ఈ ఏర్పాటు మొదలైంది, 2004లో 24 అయ్యాయి. మొదలైనప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు. 1996లో ఆయనే బరంపురం నుంచి లోక్‌సభకు గెలిచారని మన ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇవి కాక పిటిషన్ల కమిటీలు రెండున్నాయి. లోక్‌సభది 15 మందితో, రాజ్యసభది 10 మందితో. సామాన్యుడి అర్జీ కోసమే ఉన్న చోటు ఇది. ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ నివేదికల మీద పనిచేసే ప్రజా పద్దుల సంఘం వేరు, అందులో 22 మంది. దాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాను, అది తన విషయాలను ఆడిట్ నుంచి తీసుకుంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఫిర్యాదు మీద ఇప్పటిదాకా వచ్చిన ప్రతి జవాబు నకలు, తేదీల వారీగా
- సీపీగ్రామ్స్ (కేంద్రానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే పోర్టల్) రిజిస్ట్రేషన్ నంబరు, దాన్ని మూసేసినప్పుడు వాళ్లు రాసిన వ్యాఖ్య
- సమాచార హక్కు కింద తెచ్చుకున్న లెక్కలు
- ఇదే ఇబ్బంది పడ్డవాళ్ల పేర్లు, చిరునామాలు, వాళ్ల ఒప్పుదలతో
- ఇంగ్లీషు గానీ హిందీ గానీ బాగా రాయగలిగిన ఒక మనిషి
- ఓపిక. వారాల్లో తేలేది కాదు, నెలలు పడుతుంది

1. విషయం కేంద్రానిదా, రాష్ట్రానిదా తేల్చండి

ఎక్కువ అర్జీలు ఇక్కడే పోతాయి. రేషను కార్డు, భూమి పట్టా, పోలీసు స్టేషను, రాష్ట్ర బడిలో టీచరు లేకపోవడం, ఇవన్నీ భువనేశ్వర్ విషయాలు. వీటిని పార్లమెంటుకు రాస్తే "రాష్ట్ర శాసనసభలో లేవనెత్తాల్సిన విషయం" అని పక్కన పెడతారు. ఒడిశా శాసనసభకూ పిటిషన్ల కమిటీ ఉంది, అక్కడికి రాయండి.

రైల్వే, పోస్టాఫీసు, పీఎఫ్, పాస్‌పోర్టు, జాతీయ రహదారి, ప్రభుత్వ బ్యాంకు, దమన్‌జోడిలోని అల్యూమినియం సంస్థ నాల్కో, సునాబెడలోని విమాన ఇంజన్ల సంస్థ హాల్ (HAL), ఇవి కేంద్రానివి. చిక్కు ఎక్కడంటే, 326వ జాతీయ రహదారి మీద గుంత కేంద్రానిది, ఆ రోడ్డు దిగి మీ ఊరికి వెళ్లే దారిలో గుంత రాష్ట్రానిది. రెండూ కలిపి ఒకే అర్జీలో పెడితే రెండూ పోతాయి.

హెచ్చరిక: కోర్టులో గానీ, చట్టం కింద ఏర్పడ్డ ట్రిబ్యునల్ ముందు గానీ, విచారణ కమిషన్ ముందు గానీ ఉన్న విషయాన్ని పిటిషన్‌గా తీసుకోరు. ఆంధ్రా–ఒడిశాల కొటియా గ్రామాల తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. వంశధార నీళ్ల తగాదాకు ట్రిబ్యునల్ పడింది. ఈ రెండింటి మీదా ఎంత ఆవేశంగా రాసినా లాభం లేదు. మీ సొంత కేసు కోర్టులో ఉన్నా అంతే, దాచిపెట్టి రాయకండి. శాఖను అడగగానే బయటపడుతుంది.

తెలుగు మీడియం బడుల గురించి అడిగేవాళ్లకు: బడి రాష్ట్రానిదే. కానీ రాజ్యాంగం 350బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఉన్నారు, ఆ దారి వేరు.

2. కింది మెట్లు ఎక్కిరండి

"ముందు శాఖను అడిగారా?" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. అడిగినట్టు రుజువు కావాలి.

సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు పెట్టండి. 2024 ఆగస్టు మార్గదర్శకాల ప్రకారం 21 రోజుల్లో తేల్చాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు వేయండి. చాలామంది "డిస్పోజ్డ్" అని కనబడగానే విసిగి వదిలేస్తారు. వదలకండి, మూసేసిన ఆ జవాబును ప్రింటు తీసుకోండి. అసలు ప్రశ్నకు జవాబివ్వకుండా మూసేశారన్నదే మీ అర్జీకి బలమైన సాక్ష్యం.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "నా క్లెయిమ్ ఎందుకు తిరస్కరించారు?" అని మాత్రమే అడగకండి. "గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో పేరు సరిపోలలేదన్న కారణంతో ఈ కార్యాలయం తిప్పి పంపిన క్లెయిమ్‌లు ఎన్ని, ఏడాది వారీగా?" అని అడగండి. మొదటిదానికి వచ్చే జవాబు మీ ఒక్కరిది. రెండోదానికి అంకె వస్తుంది. "ఆ లెక్క మా దగ్గర లేదు" అని వచ్చినా పారేయకండి. ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో శాఖ లెక్కే పెట్టడం లేదని అర్థం, అది కమిటీకి చెప్పదగ్గ సంగతే.

భాష దగ్గర జాగ్రత్త. 350వ అధికరణం ప్రకారం కేంద్ర, రాష్ట్ర అధికారులెవరికైనా కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు మీకుంది. ఈ సంగతి కౌంటరు దగ్గర చెప్పడానికి పనికొస్తుంది. కానీ సమాచార హక్కు దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనే ఉండాలి. మన దగ్గర అది ఒడియా. తెలుగులో వేస్తే తిప్పి పంపడానికి సాకు మనమే ఇచ్చినట్టు.

3. ఏ దారిన వెళ్లాలో ఎంచుకోండి

మూడు దారులున్నాయి.

(అ) పిటిషన్. దీనికి నియమాలు గట్టివి. ఎంపీ సభలో సమర్పించవచ్చు, లేదా ఆ సభ సెక్రటరీ జనరల్‌కు పంపవచ్చు. ఎంపీ సమర్పిస్తే దాని మీద ఆయన సంతకమూ ఉండాలి.

(ఆ) రిప్రజెంటేషన్, మామూలు విన్నపం. పిటిషన్ నియమాల్లో ఇమడని ఉత్తరాలను కూడా లోక్‌సభ పిటిషన్ల కమిటీ చూస్తుంది. చాలామందికి సరిపోయేది ఇదే.

(ఇ) స్థాయీ సంఘానికి మెమోరాండం. సంఘం ఏదైనా విషయం చేపట్టినప్పుడు పత్రికల్లో, సంసద్ (పార్లమెంటు) వెబ్‌సైట్‌లో ప్రకటన ఇచ్చి సూచనలు అడగడం ఉంటుంది. గడువు తరచూ రెండు వారాలే.

నా అభిప్రాయం అడిగితే, మీ విషయం ఏదైనా సంఘం ఇప్పటికే చేపట్టిందేమో ముందు చూడండి. చేపట్టి ఉంటే (ఇ)ని మించింది లేదు, ఎందుకంటే ఎలాగూ కార్యదర్శిని పిలవబోతున్నారు, ఎంపీల చేతిలో మీ కాగితం ఉంటుంది. సంఘాలు ఏడాదికోసారి కొత్తగా ఏర్పడతాయి. ఏర్పడ్డాక ఆ ఏడాది చేపట్టే విషయాల జాబితా పెడతారు, అది చూసుకోండి.

ఎవరిది ఏ సంఘం? పీఎఫ్ అయితే కార్మిక, జౌళి, నైపుణ్యాభివృద్ధి సంఘం. రైళ్లకు రైల్వే సంఘం. పోస్టాఫీసుకు కమ్యూనికేషన్లు, ఐటీ సంఘం. జాతీయ రహదారులకు రాజ్యసభ కింద ఉన్న రవాణా, పర్యాటక, సంస్కృతి సంఘం. అధికారుల నియామకాలు, శిక్షణ, ఫిర్యాదుల వ్యవస్థ పనితీరు వంటి వాటికి రాజ్యసభ కిందే ఉన్న సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయ సంఘం. నాల్కో, హాల్ లాంటి సంస్థల పనితీరును ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ చూస్తుంది.

ఇంకో సంగతి: స్థాయీ సంఘాలు రోజువారీ పాలనలోకి దిగకూడదన్న నియమం ఉంది. "ఫలానా బ్రాంచిలో ఫలానా గుమస్తా" అనే ఫిర్యాదు అక్కడ చెల్లదు.

4. రాయడం

రెండు పేజీలు దాటొద్దు. ఒకే విషయం రాయండి. వరుస ఇది: మీరెవరు, ఏ నియమం వల్ల ఏం జరుగుతోంది, ఎంతమందికి, ఎక్కడెక్కడ అడిగారు, ఏమన్నారు, ఏం మార్చాలి.

చివరిది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పేజీన్నర బాధ చెప్పి "తగు చర్య తీసుకోగలరు" అని ముగిస్తారు. తగు చర్య ఏమిటో మీరు చెప్పకపోతే ఎవరూ చెప్పరు. ఇలా రాస్తే పని జరగదు:

"మేము పేదలం, మా డబ్బు మాకు ఇవ్వడం లేదు, అధికారులు పట్టించుకోవడం లేదు, దయచేసి న్యాయం చేయండి."

ఇలా రాయండి:

"ఇంటిపేరు ముందుండే తెలుగు పేర్లు ఆధార్‌లో ఒక వరుసలో, భవిష్య నిధి ఖాతాలో మరో వరుసలో నమోదైనందున క్లెయిమ్‌లు తిరిగి వస్తున్నాయి. పాత సంస్థ మూతపడితే సవరణ మరీ కష్టమవుతోంది. కార్యాలయం సమాచార హక్కు కింద ఇచ్చిన లెక్క ఇది. పేరులోని పదాలు అవే అయి వరుస మాత్రమే మారినప్పుడు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిపోతే యజమాని ధ్రువీకరణ లేకుండా సవరించే వీలు కల్పించాలని ప్రార్థన."

కమిటీ సిబ్బంది దీన్ని దాదాపు ఉన్నదున్నట్టు ప్రశ్నగా మార్చి శాఖకు పంపగలరు. మీరు రాసింది ప్రశ్నగా మారుతుందా లేదా అని చూసుకోవడమే మంచి పరీక్ష.

మీరు ఎంచుకున్నది పిటిషన్ అయితే ఈ నియమాలు కచ్చితంగా పాటించాలి:

- సభను ఉద్దేశించి రాయాలి, చివర స్పష్టమైన ప్రార్థన ఉండాలి.
- హిందీ లేదా ఇంగ్లీషులో ఉండాలి. తెలుగులో రాస్తే ఆ రెండింట్లో ఒకదానిలో అనువాదం జతచేసి, దాని మీదా సంతకం పెట్టాలి.
- ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర పత్రాలు ఏవీ జతచేయకూడదు. చెప్పాల్సింది లోపలే చెప్పాలి.
- సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. ప్రార్థన రాసిన కాగితం మీదే కనీసం ఒకరి సంతకం ఉండాలి.
- సంతకాలు ఒకటి కంటే ఎక్కువ కాగితాల మీద ఉంటే, ప్రతి కాగితం పైన ప్రార్థన మళ్లీ రాయాలి. ఉత్త సంతకాల కట్టను గుచ్చి పంపితే చెల్లదు.
- భాష మర్యాదగా ఉండాలి. తిట్లు, పేరు పెట్టి ఆరోపణలు వద్దు.

రిప్రజెంటేషన్‌కు నకళ్లు జతచేసుకోవచ్చు. వాటికి నంబర్లు వేసి, అర్జీలో ఆ నంబరు చెప్పండి. అసలు కాగితాలు ఎప్పుడూ పంపకండి.

అనువాదం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. కోర్టు దగ్గర టైపిస్టుతో రాయిస్తే అలవాటుగా లీగల్ నోటీసులా మారిపోతుంది, "లేనిచో న్యాయస్థానమును ఆశ్రయించగలము" అని చివర బెదిరింపు కూడా వచ్చి చేరుతుంది. పంపే ముందు వేరే మనిషి చేత ఆ ఇంగ్లీషును చదివించి, అర్థం తెలుగులో చెప్పించుకోండి. మీరు చెప్పిందే తిరిగి వినబడితే సరే. కాలేజీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లే చేయగలరు.

5. పంపడం

లోక్‌సభ సచివాలయం, పార్లమెంట్ హౌస్ అనెక్స్, న్యూఢిల్లీ 110001. రాజ్యసభ కమిటీ అయితే రాజ్యసభ సచివాలయానికి. స్పీడ్ పోస్టు చేసి, ట్రాకింగ్‌లో "డెలివర్డ్" వచ్చాక ఆ పేజీ ఫోటో తీసి దాచుకోండి. ఈమెయిల్ కూడా చేయొచ్చు, కానీ కాగితం మానకండి.

మన ప్రాంతంలో మరీ ఎక్కువగా జరిగే పొరపాటు "కాపీ టు". కలెక్టరుకు ఉత్తరం రాసి, కింద రాష్ట్రపతి, ప్రధాని, స్పీకరు, గవర్నరు అని వరుస కడతారు. వేరే అధికారికి రాసిన ఉత్తరం నకలు స్పీకరుకు వస్తే, పరిష్కారం చూపమని ఆ నకలు మీద ప్రత్యేకంగా అడిగితే తప్ప దాన్ని కమిటీ పరిగణించదు. నియమంలోనే ఉంది. పేరు, చిరునామా లేనివీ, చదవడానికి వీల్లేనివీ అంతే. కాబట్టి స్పీకరు పేరున విడిగా ఒక ఉత్తరం రాయండి. పూర్తి చిరునామా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు పెట్టండి.

ఎంపీ ద్వారా వెళ్లాలనుకుంటే మీ నియోజకవర్గం సరిచూసుకోండి. పర్లాకిమిడి, మోహన బరంపురం లోక్‌సభ కిందికి వస్తాయి. గుణుపురం, రాయగడ, జయపురం కొరాపుట్ కిందికి. మల్కన్‌గిరి నవరంగ్‌పూర్ కిందికి. ఎంపీ గారి దగ్గరికి పది మంది వెళ్లి గంట మాట్లాడే కన్నా, సంతకానికి సిద్ధంగా ఉన్న కాగితంతో ఇద్దరు వెళ్లడం మేలు.

6. పంపాక ప్రచారం వద్దు

స్థాయీ సంఘానికి ఇచ్చిన మెమోరాండం ఇచ్చిన క్షణం నుంచి సంఘం రికార్డు. సంఘం పరిశీలనలో ఉండగా దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, విలేకరులకు ఇవ్వడం సభా హక్కుల ఉల్లంఘన కింద వస్తుంది. సంఘం సమావేశాలు కూడా తలుపులు మూసుకునే జరుగుతాయి. మీ గ్రూపులో చెప్పాలంటే "ఇచ్చాం" అని చెప్పండి, చాలు.

7. పిలుపు వస్తే

ఎక్కువసార్లు రాదు. మీ అర్జీని శాఖకు పంపి, జవాబు తెప్పించుకుని, అక్కడితో తేల్చేస్తారు. వస్తే మాత్రం అసలు పత్రాలతో వెళ్లండి. అధ్యక్షులు అడిగినదానికే చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, తెలిసీ తప్పు చెప్తే సభను ధిక్కరించినట్టే. హిందీ, ఇంగ్లీషు రెండూ రాకపోతే పిలుపు అందిన రోజే ఆ సంగతి రాసి తెలపండి, అక్కడికి వెళ్లాక కాదు.

8. ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

దీన్ని ఎవరూ చూడరు, నిజానికి అసలు పని ఇక్కడే ఉంది. నివేదికను సభలో పెట్టాక సంసద్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఇంగ్లీషు, హిందీల్లో. నూటయాభై పేజీలున్నా టెన్షన్ పడక్కర్లేదు. సిఫార్సులు విడిగా, నంబర్లతో, లావు అక్షరాల్లో ఉంటాయి, ముందు అవి చదవండి. చివర జతచేసిన సమావేశాల వివరాల్లో ఏ తేదీన ఏ శాఖ అధికారులు వచ్చారో ఉంటుంది.

శాఖ సాధారణంగా మూడు నెలల్లో తీసుకున్న చర్యలు చెప్పాలి. ఆ జవాబుల మీద సంఘం మళ్లీ ఒక నివేదిక ఇస్తుంది, దాని పేరు తీసుకున్న చర్యల నివేదిక. ఇందులో ఐదు అధ్యాయాలుంటాయి. మీ సిఫార్సు నంబరు ఏ అధ్యాయంలో పడిందో చూస్తే చాలు:

మొదటిది సంఘం సొంత వ్యాఖ్య. రెండోది ప్రభుత్వం ఒప్పుకున్నవి. మూడోది, ప్రభుత్వ జవాబు చూశాక సంఘమే ఇక వద్దనుకున్నవి. నాలుగోది, జవాబు సంఘానికి నచ్చక మళ్లీ గట్టిగా చెప్పినవి. ఐదోది, తుది జవాబు ఇంకా రానివి.

రెండో అధ్యాయంలో కనిపించగానే మిఠాయిలు పంచకండి. "పరిశీలనలో ఉంది", "మార్గదర్శకాలు జారీ చేయబడును" అన్న జవాబులు కూడా ఒక్కోసారి అందులోనే ఉంటాయి. సర్క్యులర్ నంబరు, తేదీ ఉన్నాయా చూడండి. ఉంటే ఆ సర్క్యులర్ ప్రింటు తీసుకుని మీ స్థానిక కార్యాలయానికి వెళ్లండి. కింది గుమస్తాకు అది ఇంకా అందకపోవడం మామూలే.

మూడులో ఉంటే శాఖ చెప్పిన కారణం చదవండి. అది నిజం కాకపోతే కొత్త రుజువుతో కొత్త అర్జీ రాయాలి, పాతదే మళ్లీ పంపితే లాభం లేదు. నాలుగులో ఉంటే సంఘం మీ పక్కనే ఉందన్నమాట. ఆ పేజీని మీ ఎంపీకి ఇచ్చి సభలో ప్రశ్న వేయమనండి. సంఘం సిఫార్సుల అమలు మీద మంత్రి ఆరు నెలలకోసారి సభలో ప్రకటన చేయాలి, దాన్నీ గమనించండి.

ఐదులో ఉంటే ఇంకో మూడు నెలలు చూసి, తుది జవాబు ఇచ్చారా అని ఆ మంత్రిత్వ శాఖకే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. నివేదిక నంబరు, పేరా నంబరు రెండూ రాయండి. సంఘం లోపలి కాగితాలు మాత్రం అడగకండి. సభా హక్కులకు భంగం కలిగించే సమాచారానికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది, ఆ ఒక్క ప్రశ్న చూపించి దరఖాస్తు మొత్తాన్నీ తిప్పికొడతారు.